లైసెన్సు అక్కర్లేదన్నంత మాత్రాన చట్టం లేనట్టు కాదు

ప్రశ్న: మేము టెక్సాస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన ఉంటున్నాం. నాకూ నా భార్యకూ గ్రీన్ కార్డులు ఉన్నాయి. ఇద్దరు పిల్లలు, అమ్మాయికి పద్నాలుగేళ్లు, అబ్బాయికి తొమ్మిదేళ్లు. నా తమ్ముడు హెచ్‌1బీ వీసా మీద ఉద్యోగం చేస్తూ మా ఇంట్లోనే ఉంటున్నాడు. పగలు ఆఫీసు ఉద్యోగంతో పాటు స్నేహితుడితో కలిసి నేను ఒక ఇండియన్ గ్రోసరీ దుకాణం కూడా నడుపుతున్నాను. వారంలో కొన్ని రాత్రులు దుకాణం మూసి, నగదు తీసుకుని ఇంటికి రావాల్సింది నేనే. దగ్గర్లో దోపిడీలు జరగడంతో ఈమధ్య ఒక పిస్టల్ కొన్నాను. టెక్సాస్‌లో లైసెన్సు అక్కర్లేదంటున్నారు కాబట్టి చొక్కా మాటున పెట్టుకుని తిరగవచ్చా? నేను లేనప్పుడు అవసరమైతే తమ్ముడు వాడవచ్చా? వాడిని కూడా షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లి నేర్పిద్దామనుకుంటున్నాను. ప్రస్తుతం పిస్టల్‌ను పడకగదిలో బీరువా పై అరలో బట్టల కింద ఉంచుతున్నాను. నా భార్య ఇంట్లో అసలు తుపాకీయే వద్దంటోంది. డిసెంబరులో నేనూ, భార్యా, పిల్లలూ హైదరాబాద్ వెళ్తున్నాం, తమ్ముడు ఇక్కడే ఉంటాడు. అప్పుడు దాన్ని ఏం చేయాలి?

సమాధానం:

మీ తమ్ముడి విషయంతో మొదలుపెడతాను. మీరు మధ్యలో ఒక మాటగా అడిగిన ఈ ప్రశ్నలోనే అన్నింటికంటే ఎక్కువ ప్రమాదం ఉంది. దయచేసి అతన్ని రేంజ్‌కు తీసుకెళ్లకండి. ఆ పిస్టల్‌ను అతని చేతికి ఇవ్వకండి, అది ఎక్కడ ఉందో, దాని తాళం ఎక్కడ ఉందో కూడా అతనికి తెలియనివ్వకండి. అమెరికా ఫెడరల్ తుపాకీ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవారు, అంటే హెచ్‌1బీ, హెచ్‌4, ఎల్‌1, ఎఫ్‌1 విద్యార్థి వీసా, మన తల్లిదండ్రులు వచ్చే బీ2 సందర్శక వీసా వంటివాటి మీద ఉన్నవారు, తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండటమే నేరం. టెక్సాస్ చట్టం ఎంత ఉదారంగా ఉన్నా ఈ నిషేధం తొలగిపోదు, ఎందుకంటే ఇది రాష్ట్రం పెట్టింది కాదు. 2022లో వచ్చిన సవరణ తర్వాత దీనికి గరిష్ఠ శిక్ష పదిహేనేళ్ల జైలు. శిక్ష అతనితో ఆగదు. అవతలి వ్యక్తి నిషేధిత వర్గంలో ఉన్నాడని తెలిసి అతనికి తుపాకీ అప్పగించినవారిదీ నేరమే, దానికీ అంతే శిక్ష ఉంది.

ఈ చట్టం ప్రకారం కలిగి ఉండటం అంటే సొంతంగా కొనడం ఒక్కటే కాదు. రేంజ్‌లో అద్దెకు తీసుకున్న తుపాకీతో గంటసేపు కాల్చినా కలిగి ఉన్నట్టే. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు సరిగ్గా ఇలాగే మొదలైంది. విద్యార్థి వీసా మీద వచ్చి, విశ్వవిద్యాలయం నుంచి తొలగింపునకు గురై, ఆ కారణంగా ఉండే హక్కు కోల్పోయిన ఒక యువకుడు ఫ్లోరిడాలో రేంజ్‌కు వెళ్లి కాల్చాడు. అతను నిషేధిత వర్గంలో ఉన్న సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీ తమ్ముడికి ఏ విధంగానూ అక్కరకు రాదు, తన వీసా హెచ్‌1బీ అని అతనికి తెలియకపోవడమన్నది ఉండదు కదా.

చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయన్నది నిజం. వాటిలో తరచుగా వినిపించేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉండటం. ఇది విని కొందరు కుర్రాళ్లు దుకాణంలో వేట లైసెన్సు కొనుక్కుని ధైర్యంగా తిరుగుతుంటారు. టెక్సాస్ వార్షిక వేట లైసెన్సు గడువు ఆగస్టు 31తో ముగుస్తుంది. మర్నాడు సెప్టెంబరు 1న కొత్తది తీసుకోకపోతే అదే మనిషి, అదే తుపాకీ, నేరం. వీసా పునరుద్ధరణలు, గ్రీన్ కార్డు దరఖాస్తు ముందున్న వ్యక్తి ఇంత సన్నని గట్టు మీద నడవవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. అతనికి నిజంగా ఆసక్తి ఉంటే, ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలిసి లిఖితపూర్వకంగా సలహా తీసుకోమనండి.

ఇక మీ సంగతి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఫెడరల్ నిషేధం లేదు. లైసెన్సు ఉన్న డీలరు దగ్గర కొన్నప్పుడు మీరు నింపిన 4473 ఫారంలో మీ పౌరసత్వ స్థితి, యూఎస్‌సీఐఎస్ (వలసల శాఖ) ఇచ్చిన నంబరు అడిగి ఉంటారు, గంజాయి వాడకం గురించీ, గృహహింస కేసుల గురించీ, రక్షణ ఉత్తర్వుల గురించీ అడిగి ఉంటారు. ఆ ప్రశ్నలకు మీరిచ్చిన జవాబులు కొన్న రోజుతో ముగిసిపోయేవి కావు. తర్వాత ఎప్పుడు ఆ స్థితి మారినా తుపాకీ మీ దగ్గర ఉండకూడదు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. పౌరుడు జరిమానా కట్టి బయటపడే తుపాకీ నేరం శాశ్వత నివాసిని దేశం నుంచి పంపించే కారణం కావచ్చు, ఇమ్మిగ్రేషన్ చట్టంలో తుపాకీ నేరాలకు ప్రత్యేకంగా అలాంటి నిబంధనే ఉంది. అందువల్ల పక్కింటి అమెరికన్ ఎలా చేస్తున్నాడో చూసి మీరు చేయకూడదు.

టెక్సాస్‌లో లైసెన్సు అక్కర్లేదన్న మాట ఎంతవరకు నిజమో చూద్దాం. 1991 అక్టోబరులో కిలీన్ పట్టణంలోని లూబీస్ కెఫెటేరియాలో ఒక దుండగుడు 23 మందిని కాల్చి చంపిన తర్వాత సాగిన ఉద్యమం ఫలితంగా 1995లో దాచిన హ్యాండ్‌గన్ చట్టం వచ్చి, 1996 జనవరి నుంచి లైసెన్సులు ఇవ్వడం మొదలైంది. 2016 జనవరి నుంచి లైసెన్సుదారులు ఒరలో పైకి కనిపించేలా పెట్టుకోవడానికీ అనుమతించారు. 2021 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన హౌస్ బిల్లు 1927 లైసెన్సు లేకుండానే తిరిగే వీలు కల్పించింది. 2024 నాటికి ఇలాంటి రాష్ట్రాలు 29 అయ్యాయి. అయితే ఈ వీలు అందరిదీ కాదు. చట్టంలో రాసిన ప్రకారం ఇరవై ఒక్కేళ్లు నిండి ఉండాలి (పద్దెనిమిది నుంచి ఇరవై ఏళ్లవారి విషయంలో ఈ షరతు చెల్లదని 2022లో ఒక ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది), రాష్ట్ర, ఫెడరల్ చట్టాల్లో ఏదీ మిమ్మల్ని నిషేధించి ఉండకూడదు, గత అయిదేళ్లలో గాయపరిచిన దాడి, బెదిరింపు వంటి కొన్ని నేరాల్లో శిక్ష పడి ఉండకూడదు, తుపాకీ బయటికి కనిపించేటట్టయితే ఒరలోనే ఉండాలి.

అవసరం లేకపోయినా మీరు లైసెన్సు తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. పబ్లిక్ సేఫ్టీ శాఖ ఇచ్చే లైసెన్స్ టు క్యారీకి శాశ్వత నివాసులూ అర్హులే. నాలుగు నుంచి ఆరు గంటల తరగతి, రాత పరీక్ష, 50 రౌండ్లు కాల్చి చూపించే పరీక్ష ఉంటాయి, రుసుము 40 డాలర్లు. ఆ తరగతిలో ఎక్కువ సమయం తుపాకీ ఎప్పుడు పేల్చకూడదు, గొడవను ఎలా చల్లార్చాలి, ఇంట్లో ఎలా భద్రపరచాలి అన్నవాటి మీదే గడుస్తుంది. దుకాణం తలుపు దగ్గర ఎవరో గట్టిగా అరిచినంత మాత్రాన పిస్టల్ బయటికి తీయడం న్యాయమవుతుందా అన్న ప్రశ్నకు, ఆ రాత్రి గుండె దడదడలాడుతుండగా జవాబు వెతుక్కోవడం కంటే ముందే తరగతి గదిలో కూర్చుని వినడం మేలు. ఇంకొక కారణం ఫెడరల్ చట్టంలో ఉంది. పాఠశాలకు వెయ్యి అడుగుల లోపు తుపాకీతో ఉండటాన్ని ఆ చట్టం నిషేధిస్తుంది, ఆ పాఠశాల ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఇస్తుంది. లైసెన్సు లేనివారికి ఆ మినహాయింపు వర్తించదు. మీరుండే శివారు ఊళ్లలో వెయ్యి అడుగుల్లో ఏదో ఒక ఎలిమెంటరీ స్కూలు తగలకుండా ఇంటి నుంచి దుకాణానికి వెళ్లే దారి దొరుకుతుందా అన్నది మీరే చూసుకోండి. సొంత ఇల్లు వంటి ప్రైవేటు స్థలంలో ఉన్నప్పుడు ఈ నిషేధం లేదు, తూటాలు తీసి తాళం వేసిన పెట్టెలో ఉంచి కారులో తీసుకెళ్లినా వర్తించదు.

ఎక్కడికి తీసుకెళ్లకూడదన్నది మనవాళ్లు ఎక్కువగా తప్పులో కాలేసే చోటు. స్కూలు భవనంలోకి, కోర్టులోకి, పోలింగ్ కేంద్రంలోకి, విమానాశ్రయంలో భద్రతా తనిఖీ దాటిన ప్రాంతంలోకి, మద్యం అక్కడే తాగించి ఆదాయంలో 51 శాతం లేదా అంతకంటే ఎక్కువ దాని మీదే సంపాదించే బార్లలోకి, లైసెన్సు ఉన్నా లేకపోయినా తీసుకెళ్లకూడదు. స్కూలు అనగానే పిల్లల్ని దింపే సమయమే మనకు గుర్తొస్తుంది. కానీ మన ఉగాది సంబరాలూ బతుకమ్మ ఆటలూ పిల్లల సాంస్కృతిక కార్యక్రమాలూ చాలా వరకు జరిగేది అద్దెకు తీసుకున్న హైస్కూలు ఆడిటోరియంలోనే. శనివారం సాయంత్రం స్కూలు లేదు కదా, సంఘం అద్దె కట్టింది కదా అన్న వాదన పనికిరాదు, అది స్కూలు భవనమే. నడుముకు పిస్టల్‌తో అందులో అడుగుపెడితే రెండు నుంచి పదేళ్ల జైలుశిక్ష పడే మూడో తరగతి ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. దుకాణం నుంచి నేరుగా కార్యక్రమానికి పరుగెత్తే రోజున ఇది మరిచిపోవడం చాలా సులభం.

గుళ్లకు టెక్సాస్‌లో ప్రత్యేక నిషేధం లేదు, నిర్వాహకులు వద్దని తెలియజేస్తే వద్దు. ఆ తెలియజేయడం నోటిమాటగా ఉండవచ్చు, ద్వారం దగ్గర బోర్డు రూపంలోనూ ఉండవచ్చు. దుకాణాలకూ ఇదే నియమం. ఆ బోర్డుల మీద చట్టంలోని సెక్షన్ నంబర్లు ఉంటాయి. 30.05 లైసెన్సు లేనివారిని ఆపుతుంది, 30.06 దాచుకుని వచ్చే లైసెన్సుదారుల్ని, 30.07 బయటికి కనిపించేలా పెట్టుకుని వచ్చేవారిని ఆపుతుంది. చివరి రెండూ ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో ఉండాలని నిబంధన. మీ సొంత దుకాణంలో మీరు తుపాకీతో ఉండవచ్చు, అది మీ అధీనంలోని స్థలం కాబట్టి. భాగస్వామికి ముందే చెప్పడం మాత్రం మరిచిపోకండి. పగటి ఉద్యోగంలో ఆఫీసు లోపల నిషేధించే హక్కు యజమానికి ఉంది, పార్కింగులో తాళం వేసిన సొంత కారులో ఉంచుకోవడాన్ని మాత్రం సాధారణంగా వారు అడ్డుకోలేరు. తాగి ఉన్నప్పుడు బయట తుపాకీతో ఉండటం నేరమని వేరే చెప్పనవసరం లేదనుకుంటాను. పోలీసు కారు ఆపితే రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచండి. గుర్తింపు కార్డు అడిగినప్పుడు లైసెన్సు కూడా చూపించడం లైసెన్సుదారుడి బాధ్యత, తుపాకీ ఎక్కడుందో నోటితో చెప్పండి, చేత్తో తీసి చూపించబోకండి.

రాష్ట్రం దాటితే ఇదంతా మారిపోతుంది. ప్రయాణానికి ముందు ఆయా రాష్ట్రాల పోలీసు శాఖ వెబ్‌సైటులో మీ లైసెన్సుకు గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. ఎడిసన్‌లో బంధువులున్నవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను, న్యూజెర్సీ మరే రాష్ట్రం ఇచ్చిన లైసెన్సునూ గుర్తించదు. 2013లో పెన్సిల్వేనియా లైసెన్సు ఉన్న ఒక తల్లి, అది పక్క రాష్ట్రంలో చెల్లదని తెలియక, ట్రాఫిక్ పోలీసు ఆపినప్పుడు తన దగ్గర తుపాకీ ఉందని తానే చెప్పి అరెస్టయింది. తప్పనిసరి జైలుశిక్ష ముప్పును ఎదుర్కొన్న ఆమెకు చివరికి 2015లో గవర్నరు క్షమాభిక్ష దొరికింది. 2022లో సుప్రీంకోర్టు న్యూయార్క్ కేసులో ఇంటి బయట తుపాకీ ధరించే హక్కు రాజ్యాంగంలో ఉందని తీర్పు చెప్పింది కదా అని కొందరు అడుగుతున్నారు. ఆ తీర్పు ప్రత్యేక కారణం చూపితేనే అనుమతి ఇస్తామనే పద్ధతిని కొట్టేసింది, లైసెన్సు అడిగే హక్కును రాష్ట్రాల నుంచి తీసేయలేదు. ఒక రాష్ట్రం లైసెన్సును మరొకటి గుర్తించి తీరాలని కూడా చెప్పలేదు.

ఇప్పుడు మీ బీరువా పై అర దగ్గరికి వస్తాను. మీ ఉత్తరం మొత్తంలో నన్ను కలవరపెట్టిన వాక్యం అదే. ఒంటి మీద లేని సమయంలో, అంటే రోజులో ఎక్కువ గంటలు, తుపాకీ ఎక్కడ ఉందన్నదే మీ ఇంటి మట్టుకు అసలు ప్రశ్న. టెక్సాస్ శిక్షాస్మృతిలో 46.13 సెక్షన్ ఉంది. పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ, నిర్లక్ష్యంగా భద్రపరచకుండా వదిలేసిన కారణంగా, పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే పెద్దవారిది నేరం. ఛాంబర్‌లో, అంటే పేలే ముందు తూటా కూర్చునే చోట, తూటా లేకపోయినా సరే, తూటాలు నింపి ఉంటే అది సిద్ధంగా ఉన్నట్టే. మామూలుగా దీనికి 500 డాలర్ల వరకు జరిమానా ఉంటుంది. బిడ్డ దాన్ని పేల్చి తనకైనా మరొకరికైనా ప్రాణం పోయినా తీవ్ర గాయమైనా, ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. భద్రపరచడమంటే ఏమిటో కూడా ఆ సెక్షనే చెబుతుంది. వివేకం గల మనిషి తీసుకునే జాగ్రత్తలు తీసుకోవాలి, తాళం వేసిన పెట్టెలో పెట్టడం, ట్రిగ్గర్ లాక్ వంటివాటితో తాత్కాలికంగా పనిచేయకుండా చేయడం అందులో వస్తాయి. బట్టల కింద దాచడం ఆ నిర్వచనంలో ఇమడదు.

టెక్సాస్ చట్టం ఈ విషయంలో మెత్తగానే ఉంది. మసాచుసెట్స్‌లో పిల్లలు ఉన్నా లేకపోయినా తాళం తప్పనిసరి, మిషిగన్‌లో 2024 ఫిబ్రవరి నుంచి పిల్లలు ఉండే ఇళ్లలో తప్పనిసరి. మిషిగన్ చట్టం వెనక ఆక్స్‌ఫర్డ్ హైస్కూలు ఘటన ఉంది. 2021 నవంబరు 30న ఒక పదిహేనేళ్ల విద్యార్థి ఇంట్లోని పిస్టల్‌తో నలుగురు తోటి విద్యార్థులను చంపాడు. అతని తల్లినీ తండ్రినీ వేర్వేరు జ్యూరీలు దోషులుగా తేల్చగా, 2024లో ఒక్కొక్కరికి పది నుంచి పదిహేనేళ్ల శిక్ష పడింది.

మీ అబ్బాయికి ముట్టుకోవద్దని గట్టిగా చెప్పానని మీరు అనుకోవచ్చు. 2001లో పీడియాట్రిక్స్ వైద్యపత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. అట్లాంటాలో ఎనిమిది నుంచి పన్నెండేళ్ల అబ్బాయిలను ఇద్దరు ముగ్గురి చొప్పున ఒక గదిలో ఉంచి, సొరుగులో తూటాలు లేని నిజమైన పిస్టల్ ఉంచారు. 29 జట్లలో 21 జట్లకు అది దొరికింది, 16 జట్లు చేతిలోకి తీసుకున్నాయి, 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. పట్టుకున్న పిల్లల్లో 90 శాతానికి పైగా తుపాకీ జాగ్రత్తల గురించి అంతకుముందే ఎవరో ఒకరి దగ్గర విన్నవారే. మీ అబ్బాయి మంచి పిల్లవాడన్న దానిలో నాకు సందేహం లేదు. ఆ పిల్లలూ మంచి పిల్లలే. పండక్కి అమ్మమ్మగారింట్లో అటక మీద ఏముందో వెతకని పిల్లాణ్ని మనలో ఎవరం చూశాం? పైగా మీ ఇంటికి వచ్చే స్నేహితుల పిల్లలకు మీరు ఏమీ చెప్పి ఉండరు.

అమ్మాయి గురించి ఇంకా మెల్లగా చెప్పాలి. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. 2020 నుంచి ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ల లోపు వారి మరణాలకు మొదటి కారణం తుపాకీలే. టీనేజి పిల్లలకు మార్కుల వల్ల, స్నేహాల వల్ల, మనకు చెప్పని మరేదో కారణం వల్ల వచ్చే తీవ్రమైన నిరాశ చాలాసార్లు కొన్ని గంటల్లోనో రోజుల్లోనో తగ్గిపోతుంది. ఆ కొద్ది సమయంలో తుపాకీ అందుబాటులో లేకపోతే ప్రాణం నిలుస్తుంది. మీ అమ్మాయిలో అలాంటి లక్షణాలు ఉన్నాయని నేననడం లేదు. ఇంట్లో ఎవరికైనా, పెద్దవారికైనా సరే, అటువంటి రోజులు వచ్చినట్టు అనిపిస్తే ఆ పూటే తుపాకీని ఇంటి నుంచి పంపించేయండి, 988 నంబరుకు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా సహాయం దొరుకుతుంది.

చేయవలసిన పని ఇది. ఇంట్లో పిల్లలు లేని సమయం చూసి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, గొట్టం మనుషులు లేని సురక్షితమైన దిక్కుకు తిప్పి, ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసి పక్కన పెట్టండి. ఆ తర్వాత స్లైడును (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగాన్ని) పూర్తిగా వెనక్కి లాగి, అక్కడే ఆపి, ఛాంబర్‌లోకి తొంగి చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. ఈ క్రమం తిరగబడకూడదు. మ్యాగజైన్ ఉండగా స్లైడు లాగి వదిలితే మరో తూటా పైకి ఎక్కి కూర్చుంటుంది. మ్యాగజైన్ తీసేశాం కాబట్టి ఖాళీ అయిందనుకోవడం ఎన్నో ఇళ్లలో ప్రాణాలు తీసిన పొరపాటు, ఛాంబర్‌లో మిగిలిన ఆ ఒక్క తూటా చాలా పిస్టళ్లలో మ్యాగజైన్ లేకపోయినా పేలుతుంది. మీరు కొన్నప్పుడు డీలరు తాళం ఒకటి ఇచ్చి ఉండాలి, హ్యాండ్‌గన్ అమ్మేటప్పుడు అది ఇవ్వడం ఫెడరల్ చట్టం. అది కేబుల్ లాక్ అయితే, స్లైడు వెనక్కి ఉండగా తీగను తూటా బయటికి దూకే కిటికీ గుండా దూర్చి, మ్యాగజైన్ పట్టే ఖాళీలోంచి బయటికి తీసి తాళం వేయాలి, అప్పుడు స్లైడు మూసుకోదు, మ్యాగజైనూ ఎక్కదు. తాళం ఎక్కడో పోయిందంటారా, ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కార్యక్రమం కింద చాలా పోలీసు శాఖలు ఉచితంగా ఇస్తాయి. తూటాలు నిండిన తుపాకీకి ట్రిగ్గర్ లాక్ ఎన్నడూ వేయకండి, బిగించేటప్పుడే అది ట్రిగ్గర్‌ను తాకవచ్చు.

కేబుల్ లాక్ ఈ రాత్రికి సరిపోతుంది గానీ శాశ్వతంగా సరిపోదు. నేలకో గోడకో బోల్టులతో బిగించే ఉక్కు పెట్టె కొనండి. తూటాలకు వేరే తాళం, వేరే చోటు. తాళంచెవి ఉండే పెట్టెయితే చెవి ఎప్పుడూ మీ ఒంటి మీదే ఉండాలి, నంబరు నొక్కే పెట్టెయితే ఆ నంబరు పిల్లల పుట్టినరోజూ పెళ్లిరోజూ ఫోన్ పాస్‌వర్డూ కాకూడదు, పిల్లలు ముందు ప్రయత్నించేవి అవే. పిల్లల వైద్యుల సంస్థ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేదీ ఇదే, పిల్లలున్న ఇంట్లో తుపాకీ లేకపోవడం అన్నింటికంటే క్షేమం, ఉంటే తూటాలు తీసి తాళం వేయాలి, తూటాలు వేరే చోట తాళంలో ఉండాలి. అర్ధరాత్రి దొంగ వస్తే ఇదంతా తెరిచేసరికి ఆలస్యమవుతుందని మీరంటే, అది నిజమే. మీరు భయపడుతున్నది దుకాణం దగ్గర దోపిడీకి, ఇంట్లో దొంగతనానికి కాదు. కాబట్టి దుకాణం మూసే రాత్రులు ఒంటి మీద, మిగతా సమయమంతా పెట్టెలో అన్న విభజన మీకు సరిగ్గా సరిపోతుంది. కారు డాష్‌బోర్డు అరలో మాత్రం వదలకండి, అమెరికాలో దొంగలకు తుపాకులు ఎక్కువగా దొరుకుతున్నది పార్కు చేసిన కార్లలోనే. స్కూలు కార్యక్రమం రోజున తప్పనిసరైతే సీటు అడుగున ఉక్కు తీగతో కట్టిన చిన్న లాక్‌బాక్సులో ఉంచండి.

మీ తమ్ముడి విషయానికీ ఈ పెట్టెకూ సంబంధం ఉంది. చేత్తో పట్టుకోకపోయినా, తుపాకీ ఎక్కడుందో తెలిసి దాన్ని తన అధీనంలోకి తెచ్చుకునే శక్తి ఉంటే అదీ కలిగి ఉండటమేనని కోర్టులు చాలాకాలంగా చెబుతున్నాయి. అందరూ తిరిగే ఇంట్లో బీరువా అరలో తాళం లేకుండా ఉన్న పిస్టల్ అతని మీద కూడా అనుమానం తెస్తుంది. రేపు మీ అమ్మగారూ నాన్నగారూ సందర్శక వీసా మీద వచ్చి ఆ గదిలో పడుకుంటే వారి మీదా తెస్తుంది. ఆ పెట్టె నంబరు మీకు మాత్రమే తెలిసి ఉండాలి, మీ భార్య కావాలనుకుంటే ఆమెకు తెలియవచ్చు.

ఆమె మాట మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ఆమెది పిరికితనం కాదు, పైన చెప్పిన వైద్యుల సంస్థ మొదటి సలహా ఆమె చెబుతున్నదే. దుకాణం మూసే వేళ ఇద్దరు ఉండటం, నగదు రాత్రిపూట ఇంటికి తేకుండా కౌంటరు కింద డ్రాప్ సేఫ్‌లో వేసి పగలు బ్యాంకుకు తీసుకెళ్లడం, బయట వెలుతురు, కెమెరాలు, ఇవి ముందు చేసి చూడండి. అవి చేశాక కూడా తుపాకీ అవసరమనిపిస్తే ఆమెతో కూర్చుని మాట్లాడి, ఆమె ఒప్పుకుంటేనే ఇంట్లో ఉంచండి. వారంలోపు పెట్టె కొనలేకపోతే, కొనేదాకా తుపాకీని డీలరు దగ్గరే భద్రపరచమని అడగండి.

డిసెంబరు ప్రయాణానికీ నా సలహా అదే. తమ్ముడు ఒక్కడే ఉండే ఇంట్లో దాన్ని వదిలి వెళ్లవద్దు. కొందరు డీలర్లు, కొన్ని షూటింగ్ రేంజ్‌లు నెలవారీ రుసుముతో భద్రపరుస్తాయి, రసీదు తీసుకోండి. టెక్సాస్‌లోనే ఉండే, తుపాకీ కలిగి ఉండే అర్హత ఉన్న నమ్మకమైన స్నేహితుడి పెట్టెలో ఉంచడానికీ చట్టం అడ్డు చెప్పదు, తిరిగి తీసుకునేదాకా బాధ్యత అతనిదని ఇద్దరికీ స్పష్టంగా తెలియాలి. సూట్‌కేసులు సర్దేముందు రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగు గానీ, జాకెట్టు గానీ ఉంటే జేబులన్నీ, అస్తరు మడతలన్నీ తిరగేసి దులపండి. అలాంటి బ్యాగు అడుగున మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో ఎక్స్‌రేలో కనబడి, 1959 ఆయుధాల చట్టం కింద కేసు నమోదై, విమానం తప్పిపోయి, పాస్‌పోర్టు చేతికి రాక వారాలు తిరిగిన ప్రవాసులు ఉన్నారు. తెలియక తెచ్చారని తేలితే హైకోర్టులు అలాంటి కేసులను కొట్టేస్తున్నాయి గానీ, అక్కడిదాకా వెళ్లడానికే మీ సెలవులన్నీ చాలవు. అన్నింటికంటే సులువు, రేంజ్‌కు వాడే బ్యాగును వేరుగా ఉంచి, దాన్ని విమానాశ్రయానికి ఎప్పుడూ తీసుకెళ్లకపోవడం.